నెల మాట్లాడని రోజు

చోంబా నెలకోసారి అరిచే అరుపు గురించి కసామా మార్కెట్లో రకరకాలుగా చెప్పుకుంటారు. ఆ అరుపుకి రైలుకట్ట మీద సిగ్నలు దానంతటదే వాలిపోయిందని కొందరంటారు. పేటలో కోళ్ళన్నీ వారం పాటు గుడ్లు పెట్టడం మానేశాయని ఇంకొందరంటారు. వారం అంటే మరీ ఎక్కువ. ఒక పూట మానేసి ఉంటాయి.

వేరుశనగ కాపు ఇళ్ళకి చేరిన రోజుల్లో అరిచిన అరుపు మాత్రం అందరూ చెవులారా విన్నదే. ఆ వేళ చోంబా రోలు ముందు నిలబడి పప్పు దంచుతోంది. వేయించిన గింజల్ని అరచేతుల మధ్య నలిపి, చేటలో పోసి పొట్టు ఎగరగొట్టి, రోట్లో పోసి దంచి అమ్మడం ఆమె పని. ఆకుకూర ఏదైనా సరే, ఆ పొడి పడకపోతే కసామాలో ఎవరికీ ముద్ద దిగదు. పొడి మెత్తగా రావాలి గానీ నూనె దిగకూడదు. నూనె దిగితే ముద్దకట్టేస్తుంది, కొనేవాళ్ళు మూతి తిప్పుకుని పోతారు. రోకలి ఎక్కడ ఆపాలో చేతికి తెలియాలి. మామూలు రోజుల్లో చోంబా చేతికి తెలుసు. ముట్టుకి ముందు వచ్చే ఆ పాడు రోజుల్లో తెలియదు. రోకలి ఎత్తితే రొమ్ములు సలుపుతాయి, దించితే నడుం పట్టేస్తుంది. వేళ్ళు ఉబ్బి ఉంగరం కదలదు. తలకాయలో ఎవరో కూర్చుని ఇంకో రోకలితో దంచుతున్నట్టు ఉంటుంది. పొద్దుటినుంచీ దంచిన పొడంతా ముద్దలైపోయింది.

పక్కన ఎండు నెత్తళ్ళమ్మే ముసోండా పెద్దమ్మ అది చూసింది. పేటలో పెళ్ళికూతుళ్ళకి కాపురం పాఠాలు చెప్పే మనిషి ఆవిడ. చోంబాకి చెప్పిందీ ఆవిడే.

"ఏమే అమ్మాయ్, పొడి మానేసి సబ్బులు అమ్ముతున్నావా ఏంటి?"

"నోరు ముయ్యి పెద్దమ్మా."

పెద్దమ్మ నోరు మూసింది. ఆవిడ చేత నోరు మూయించినవాళ్ళు కసామాలో ఇంకెవరూ లేరు. కసామా దాటి చూసినా దొరకడం కష్టమే.

సరిగ్గా అప్పుడే రోడ్డు దాటి కపాసా వచ్చాడు. చోంబా మొగుడు. మార్కెట్టుకి ఎదురుగా తలుపులకీ కిటికీలకీ ఇనప చట్రాలు వెల్డింగ్ చేస్తాడు. చేతులు మసి, నుదుటి మీదకి తోసుకున్న నల్ల అద్దాలు, మొహాన ఎప్పుడూ ఉండే నవ్వు. చేటలోంచి నాలుగు గింజలు తీసుకుని నోట్లో వేసుకుని అన్నాడు.

"అమ్మ అడగమంది. ఈ నెలైనా మనింట్లో ఉప్పు ఆగకుండా ఉంటుందా అని."

ఆ మాటకి అర్థం అక్కడున్న చంటిపిల్లలకి కూడా తెలుసు. ముట్టులో ఉన్న ఆడది కూరలో ఉప్పు వెయ్యదు. వేస్తే తిన్నవాళ్ళకి గుండెల్లో దగ్గు పట్టుకుంటుంది. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళ చేత వేయిస్తారు. పిల్లలు లేని ఇంట్లో కూర చప్పగా వండి, ఉప్పు చిప్ప పక్కన పెడతారు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు. చప్పటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఈ నెల కూడా కోడలి కడుపు పండలేదని అత్తకి తెలిసిపోతుంది. ఆరేళ్ళుగా కపాసా వాళ్ళమ్మ ప్రతి నెలా ఆ ముద్ద మింగుతోంది.

చోంబా రోకలి ఆపింది.

"ఎప్పుడూ నా కడుపే చూస్తారేం? నీకేం లేదని ఎవడు చెప్పాడు? ఒక్కసారి నువ్వూ రా క్లినిక్కి. నీదీ చూడనీ. రా!"

ఆ 'రా' అన్నప్పుడే సిగ్నలు వాలిందంటారు. మామూలప్పుడు మొగుణ్ణి 'మీరు' అనే చోంబా ఆ రోజుల్లో 'నువ్వు'లోకి దిగిపోతుంది. దిగడంతో ఆగితే బాగుండేది. చేతిలో రోకలి లేచింది. మూడు బల్లలు దాటి క్యాబేజీల కుప్ప మీద పడింది. మార్కెట్టు దాటి పోలీసు స్టేషను ముందు పడిందని చెప్పేవాడు అబద్ధాలకోరు. క్యాబేజీల మీదే పడింది. క్యాబేజీల వెనక ఒకావిడ బిడ్డకి పాలిస్తూ కూర్చుని ఉంది. బిడ్డ తలకీ రోకలికీ మధ్య ఒక్క క్యాబేజీ అడ్డం.

మార్కెట్టంతా అటే తిరిగింది. ఆ తర్వాత కపాసా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళకి చేతులు చూపించి, "ఏమనుకోకండి. ఆవిడ కాదు, నెల మాట్లాడుతోంది," అన్నాడు. అందరూ నవ్వేశారు. నెల అయితే సరే. పేటలో ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక నెల ఎంతోకొంత మాట్లాడుతూనే ఉంటుంది.

రెండ్రోజులకి ముట్టు వచ్చింది. తలలో దంచేవాడు రోకలి దించుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం చోంబా చప్పటి కూర వండి, ఉప్పు చిప్ప పక్కన పెట్టి, చేతులు కడుక్కోడానికి నీళ్ళు తెచ్చి, అత్త ముందూ మొగుడి ముందూ సిమెంటు నేల మీద మోకరిల్లింది. పెద్దల ముందు మర్యాదగా మెల్లిగా చప్పట్లు కొడుతూ తల వంచింది.

"అన్నది నేను కాదు అత్తయ్యా. నెల."

ప్రతి నెలా అత్త ఒకటే మాట అనేది. "లే, లే. నెల అన్నదానికి నిన్నేం చేస్తాం?" ఆ మాట మీదే వాళ్ళ కాపురం నిలబడింది. ఈసారి వెంటనే అనలేదు. చేతులు తీరిగ్గా కడుక్కుని, తడి చేతులు విదిలించింది.

"క్యాబేజీ లేకపోతే ఆ పిల్లాడి గతేంటి? మా తమ్ముడికి కబురు పెట్టాను. ఇంకోసారి ఇట్టాంటిది జరిగితే మాట్లాడక్కర్లేదన్నాడు. లువింగు బస్సు ఎక్కించమన్నాడు."

పుట్టిన ఊరు లువింగులో చోంబాకి ఉన్నది ఒక అన్న, ఆ అన్నకి ఒక పెళ్ళాం. తిరిగొచ్చిన ఆడబిడ్డని ఆ వదిన ఎక్కడ పడుకోబెడుతుందో చోంబాకి తెలుసు. కోళ్ళు పడుకునే చోట. అదీ కోళ్ళు ఒప్పుకుంటే.

"నెలనే మాట్లాడకుండా చేస్తాను అత్తయ్యా," అంది చోంబా. ఎలా చేస్తుందో ఆమెకే తెలియదు.

*

క్లినిక్కులో జేరే అనే పేరుగల సిస్టర్ ఒకావిడ ఉండేది. తూర్పు నుంచి వచ్చిన న్గోనీ తెగ మనిషి. న్గోనీలకీ, చోంబా వాళ్ళ తెగ బెంబాలకీ తాతల నాటి యుద్ధాలు ఉన్నాయి, ఇప్పుడు ఆ యుద్ధాలు వెక్కిరింతలుగా మిగిలాయి. ఒకళ్ళనొకళ్ళు ఏమన్నా కోపం తెచ్చుకోకూడదు. తెచ్చుకున్నవాళ్ళు ఓడిపోయినట్టు.

"రా, కోతుల్ని తినే దేశం పిల్లా. ఏం రోగం? కోతి అరగలేదా?" అంది సిస్టర్.

"కోతి అరిగింది సిస్టర్. ఎలుకల్ని తినేవాళ్ళ చేతికి సూది ఎవరిచ్చారా అని చూసి పోదామని వచ్చాను."

సిస్టర్ బల్ల చరిచి నవ్వింది. తలుపు వేసి, చోంబాని మంచమ్మీద పడుకోబెట్టి, పొట్ట నొక్కి చూసి, కాళ్ళు నొక్కి చూసి, రక్తం కూడా పరీక్షకి తీసుకుంది. అప్పుడు అడిగింది, ఎప్పుడు మొదలవుతుందని.

"ముట్టుకి వారం ముందు. మొదట కాళ్ళు ఉబ్బుతాయి. తర్వాత నోరు ఉబ్బుతుంది."

"వచ్చాక?"

"అసలేం జరగనట్టే ఉంటుంది. నేను మోకాళ్ళ మీద ఉంటాను."

సిస్టర్ ఈసారి నవ్వలేదు. "చూడు, ఇది దయ్యమూ కాదు, నీ గుణమూ కాదు. ఒంటి పని. చాలామందికి ఉంటుంది, నీకు కాస్త గట్టిగా పట్టుకుంది. టీలో చక్కెర ఎంత వేసుకుంటావు?"

"చెంచా నిలబడేంత."

"తగ్గించు. మధ్యాన్నం దాటాక టీ అసలే వద్దు. ముట్టు ఇంకా సగం నెలుందనగా కూరలో ఉప్పు మానెయ్, ఆ ఉబ్బంతా దిగుతుంది. ఎండు నెత్తళ్ళు కూడా మానెయ్, అవి ఉప్పులో పుట్టినవే. చిక్కుళ్ళు తిను, ఆకుకూర తిను, నీ వేరుశనగ నువ్వే కాస్త తిను. పెందలాడే పడుకో. ఇంక రోజూ నడవాలి, చెమట పట్టేదాకా."

"రోజంతా దంచుతానుగా సిస్టర్?"

"అది చేతులకి. నేనంటోంది కాళ్ళకి. మూడు నెలలు చేసి చూడు, తగ్గకపోతే మళ్ళీ రా, మాత్రలున్నాయి. ఇంకోటి. ఇంట్లో చెప్పు, ఈ రోజులు నాకు బరువు అని. చెప్తే సగం దిగుతుంది."

చివరిది విని చోంబా నేల చూపులు చూసింది. ఆ సంగతులు అత్తతో నోటితో అనగలిగితే ఉప్పు చిప్ప ఎందుకు?

తలుపు దగ్గర సిస్టర్ మళ్ళీ ఆపింది. "పిల్లలు లేరన్నావు. నాకు తెలిసినంతలో నీవైపు ఏ లోపమూ కనబడలేదు. ఇలాంటివి ఇద్దర్నీ చూడాలి. మీ ఆయన్ని ఎప్పుడైనా తీసుకొచ్చావా?"

"అడుగుతూనే ఉన్నాను సిస్టర్. నెలకోసారి."

*

మర్నాటి నుంచి చోంబా నడక మొదలుపెట్టింది. నడవడం కష్టం కాలేదు. ఎందుకు నడుస్తోందో చెప్పడం కష్టమైంది. పెళ్ళైన ఆడది తెల్లారగట్ల చేతిలో ఏమీ లేకుండా గబగబా పోతుంటే పేట ఊరుకుంటుందా? మొదటి రోజు రైల్వే గేటు దాకా వెళ్ళేసరికి నలుగురు ఎదురొచ్చి, ఎవరు పోయారని అడిగారు. రెండో రోజు ఇద్దరు ముసలమ్మలు ఏడుపు లంకించుకుని వెనకాలే వచ్చేశారు, చావింట్లో టీ ఇస్తారని. మూడో రోజు నెత్తి మీద ఖాళీ బకెట్టు పెట్టుకుంది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. నెత్తి మీద బకెట్టున్న ఆడది దేశం చివరిదాకా నడిచినా నీళ్ళకే అనుకుంటారు.

చలికాలం దిగింది. నోట్లోంచి పొగ వచ్చే పొద్దుల్లో ఆమె రైల్వే గేటు దాకా పోయి, మెడ మీద చెమట పట్టాక తిరిగొచ్చేది. చక్కెర తగ్గించిన టీ మొదట్లో గడ్డి కషాయంలా ఉండేది. పోనుపోను టీ రుచి తెలిసింది. నడకా టీ అయితే ఎలాగో గడిచాయి. ఉప్పు దగ్గరే వచ్చింది చిక్కు.

ఆ ఇంట్లో మగాడికి వేరే పళ్ళెం పెట్టేవాళ్ళు. ఆడవాళ్ళిద్దరూ ఒకే గిన్నెలో కూర పెట్టుకుని, ఒకే సంకటి కుప్పలోంచి తుంచుకుని తినేవాళ్ళు. సిస్టర్ చెప్పిన రోజు రాగానే చోంబా తన కూర ముందే చిన్న గిన్నెలోకి తీసుకుని, మిగతా కూరలో ఉప్పు వేసింది. అత్త చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఆ గిన్నె ఎవరికి?"

"నాకే అత్తయ్యా."

"నా చెయ్యి పడ్డ కూర తినవా? విషం పెడతానా? మంత్రగత్తెలా కనబడుతున్నానా నీ కంటికి?"

చోంబా తన గిన్నె తెచ్చి పెద్ద గిన్నెలో కలిపేసింది. అత్తతో కలిసి తినని కోడలి గురించి పేట ఏమనుకుంటుందో అందరికీ తెలిసిందే. మర్నాడు ఇంకో దారి పట్టింది. కూరంతా చప్పగా వండి, ఉప్పు చిప్ప పక్కన పెట్టింది. కావలసినవాళ్ళు వేసుకుంటారు కదా.

అత్త ముద్ద నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. కోడలి మొహం చూసింది, ఉప్పు చిప్ప చూసింది. ఏమీ అడగలేదు. చిటికెడు ఉప్పు తీసుకుని తన ముద్ద మీద చల్లుకుంది.

అత్త దాన్ని ముట్టనుకుందని చోంబాకి అప్పుడు తట్టింది. ఆ సాయంత్రమే వెల్డింగ్ షాపు దగ్గరికి పోయి కపాసాకి చెప్పింది. "ఉప్పు సిస్టర్ మానమంది, ఉబ్బు దిగడానికి. ముట్టు కాదు. అత్తయ్య ఇంకోలా అనుకుంటారు, మీరు చెప్పండి."

కపాసా వెల్డింగ్ రాడ్డు కొన చెప్పుకి తట్టి బూడిద రాల్చాడు. "ఆడవాళ్ళ ఉప్పు సంగతి మగాణ్ణి, మా అమ్మకి నేనెలా చెప్తానే?" అన్నాడు. నల్ల అద్దాలు కళ్ళ మీదకి దించుకున్నాడు. నిప్పురవ్వలు లేచాయి. ఇంక మాట వినబడదు.

మొదటి నెల పెద్ద తేడా తెలియలేదు. రెండో నెల ఉబ్బు సగం దిగింది, తలలో రోకలి చప్పుడు వీధి చివరికి జరిగింది. మూడో నెల ఆ రోజులు వచ్చాయి. వచ్చినట్టు చోంబాకి తెలిసింది, రొమ్ములు కాస్త బరువెక్కాయి, ఒక మధ్యాన్నం ఊరికే ఏడుపొచ్చింది. అంతే. ఉంగరం వేలి మీద తిరుగుతూనే ఉంది. పొడి పిండిలా జారింది. మార్కెట్టు కాచుక్కూర్చుంది. క్యాబేజీలావిడ ముందుజాగ్రత్తగా బల్ల వెనక్కి జరుపుకుంది. చివరికి ముసోండా పెద్దమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఏమే, ఈ నెల ఆట లేదా? జనం పొద్దుటినుంచీ నిలబడ్డారు."

"లేదు పెద్దమ్మా. ఇళ్ళకి పొమ్మను."

ఆ నెల చోంబా ఎవరి ముందూ మోకరిల్లలేదు. మోకరిల్లాల్సిన పని రాలేదు. నెల నోరు మూసేసిందని, కాపురం గట్టెక్కిందని అనుకుంది. నవ్వుతూ పడుకుంది, నవ్వుతూ లేచింది.

ఆమె నవ్వే రోజుల్లోనే అత్త లోలోపల కూడికలు వేస్తోంది. సగం నెల చప్పటి కూర. ముట్టు రోజులు ఎలాగూ చప్పటివే. అంటే కోడలికి నెత్తురు నెలలో సగానికి పైగా పోతూనే ఉంది. అలా కారే కుండలో బిడ్డ నిలుస్తుందా? తనలో తనే అడుక్కుని, తనే జవాబు చెప్పుకుని, తమ్ముడికి కబురు పెట్టింది.

*

చిసంగా మామ సైకిలు మీద వచ్చాడు. కపాసాకి మేనమామ. ఆ కుటుంబంలో పెళ్ళి కట్టాలన్నా విప్పాలన్నా ఆయన చెయ్యే పడాలి. కోడిని కోశారు. చోంబా వండింది, సంకటి గెలికింది, మోకరిల్లి చేతులకి నీళ్ళు పోసింది. ఆయన కుత్తుక దాకా తిని, వేళ్ళు నాకి, కూర బాగుందన్నాడు. అప్పటిదాకా చోంబాకి ఆయన ఎందుకొచ్చాడో తెలియదు. ముసోండా పెద్దమ్మ చాప చంకలో పెట్టుకుని తల వంచుకుని లోపలికి రావడం చూశాక తెలిసింది. పాఠాలు చెప్పినావిడ లేకుండా కోడలి తగువు తీర్చరు.

మామ ఎత్తు పీట మీద కూర్చున్నాడు. కపాసా గుమ్మం దగ్గర నిలబడి బొటనవేలి మీద కాలిన మచ్చ గిల్లుకుంటున్నాడు. చోంబా చాప అంచున మోకాళ్ళ మీద ఉంది. కపాసా వాళ్ళమ్మ కోడలి వైపు చూడకుండా ముసోండాతో మొదలుపెట్టింది.

"నువ్వు పాఠం చెప్పిన పిల్ల సంగతి నువ్వే విను ముసోండా. నా వంటింట్లో సగం నెల ఉప్పు పడదు. మూడు నెలలుగా. అది ఏ జబ్బో నేను నోటితో అనను. మాకు మనవలు కావాలి. పగిలిన కుండని ఎన్నాళ్ళు పొయ్యి మీద పెట్టుకుంటాం?"

ముసోండా చోంబా వైపు తిరిగి, మెల్లిగా, "చెప్పవే. మార్కెట్లో నాకు చెప్పినట్టు చెప్పు," అంది.

చోంబా చెప్పింది. సిగ్గుపడుతూ మొదలుపెట్టింది గానీ మధ్యలోకి వచ్చేసరికి గొంతు నిలబడింది. క్లినిక్కు, ఉబ్బు, చక్కెర, ఉప్పు. చిన్న గిన్నె పెట్టుకుంటే అత్తయ్యకి కోపం వచ్చిందని, అందుకే కూరంతా చప్పగా వండానని. ముట్టు నెలకోసారే వస్తోందని, వచ్చి మామూలుగానే పోతోందని. ఖాళీ బకెట్టు సంగతి కూడా చెప్పేసింది.

చిసంగా మామ పీట మీద ఊగి ఊగి నవ్వాడు. "ఖాళీ బకెట్టా? నెలల తరబడి ఖాళీ బకెట్టా? ఉప్పు మానితే ఆడదాని నోరు పడిపోతుందని నాకు ముందే తెలిస్తే మా ఆవిడకి పెళ్ళినాడే మాన్పించేవాణ్ణి గదే." ముసోండా నవ్వింది. కపాసా కూడా నవ్వాడు. అత్త నవ్వలేదు గానీ, కట్టుకున్న గుడ్డ కొంగు సర్దుకుని, "నాకు చెప్పి చావొచ్చుగా," అని గొణిగింది. ఆ గొణుగుడులో కోపం లేదు. తగువు అక్కడితో తీరిపోయేదే. మామ లేచి సైకిలు తీసుకునేవాడే.

లేవబోతూ ఆయన అన్నాడు. "అయితే కుండ పగల్లేదన్నమాట. మంచిదే. మరి బిడ్డలేరీ, అమ్మా?"

ఊరికే అన్నాడు. జవాబు కోసం అన్నది కాదు. చోంబా చేతులు తొడల మీద పెట్టుకుని ఉంది. వేళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. ఆ మాట చాలా ఏళ్ళుగా ఆమె నోట్లో ఉన్నదే, అరుపులోంచి తప్ప ఎప్పుడూ బయటికి రాలేదు. ఇప్పుడు మంచినీళ్ళు ఇచ్చినంత నెమ్మదిగా వచ్చింది.

"నన్ను చూశారు మామయ్యా. నావైపు లోపం కనబడలేదన్నారు. ఇద్దర్నీ చూడాలట. వారిని కూడా ఒక్కసారి రమ్మంటున్నాను. చాలా ఏళ్ళుగా రమ్మంటున్నాను. వారు రావట్లేదు."

కపాసా బొటనవేలు గిల్లుకోవడం ఆపాడు. పెరట్లో కోడి ఈకలు గాలికి కొట్టుకుపోతున్నాయి. పెద్దల ముందు, మేనమామ ముందు, మగాడిలో లోపం ఉందేమో అన్న మాట. ఆ పేటలో అంతకంటే బూతుమాట లేదు. చిసంగా మామ మళ్ళీ కూర్చున్నాడు. కోపంగా కూడా లేడు. దారి తప్పిన పిల్లకి చెయ్యి అందించినట్టు ముందుకు వంగాడు.

"ఇది నెల మాటేనా, తల్లీ?"

అందరూ ఆమె నోటి వంకే చూశారు. ముసోండా పెద్దమ్మ తల చిన్నగా ఊపుతోంది, అవునను, అవునను అని.

"కాదు మామయ్యా. నెల వచ్చి వెళ్ళిపోయింది. ఇవాళ కూరలో ఉప్పు నేనే వేశాను. మీరు తిన్నారు."

మామ తన చేతి వేళ్ళకేసి చూసుకున్నాడు.

"నెల ఒక మాటంటే తుడిచేసుకుంటాం," అన్నాడు చివరికి. "రోకలి విసిరినా తుడిచేసుకుంటాం. బుర్ర చల్లగా ఉన్న మనిషి, ఒంట్లో బాగున్న మనిషి, కూర్చుని ఈ మాటంటే దాన్ని ఎక్కడ తుడుచుకోవాలి?"

"పిల్ల తిట్టలేదు బాబూ, అడిగింది..." అంది ముసోండా.

"నువ్వు చెప్పిన పాఠమేనా ఇది?"

ముసోండా చాప అంచు పీచులు పీక్కుంటూ ఉండిపోయింది. కపాసా వాళ్ళమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయని తర్వాత ముసోండా మార్కెట్లో చెప్పింది. ఎందుకొచ్చాయో మాత్రం చెప్పలేకపోయింది.

"నువ్వేమంటావురా?" అన్నాడు మామ.

కపాసా గుమ్మం చట్రం తడుముతున్నాడు. తను అతికించిన చట్రమే. "నేననేదేముంది మామా. మీరెలా అంటే అలా," అన్నాడు.

*

లువింగు బస్సులు మార్కెట్టు వెనక నుంచి కదులుతాయి. తెల్లవారి చోంబా మూట పట్టుకుని వస్తే, రోలు కపాసా మోసుకొచ్చాడు. వద్దని ఎవరూ అనలేదు. బస్సు టాపు మీదకి ఎక్కించి, ఇనప తీగతో కట్టడం మొదలుపెట్టాడు. రెండు చుట్లు చాలు. అతను చుడుతూనే ఉన్నాడు. పటకారుతో మెలిపెట్టి, విప్పి, మళ్ళీ మెలిపెట్టాడు. లోకంలో ఏ రోలునీ ఎవరూ అంత గట్టిగా కట్టి ఉండరు. భూకంపం వచ్చి బస్సు ముక్కలైనా ఆ రోలు టాపుతోనే ఉంటుంది.

కిందికి దిగి, పటకారు చేతులు మార్చుకుంటూ ఆమె పక్కన నిలబడ్డాడు. మొహాన నవ్వు లేదు. ఆ మొహం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో చోంబా అప్పుడే చూసింది. పిల్లాడి మొహంలా ఉంది.

"అరవాల్సింది," అన్నాడు. "ఎప్పట్లా అరిచి ఉంటే నేను ఆపేవాణ్ణి. నెల అని చెప్పేవాణ్ణి. మామ నమ్మేవాడు."

చోంబా టాపు మీది రోలు వంక చూసింది.

"ఇప్పుడైనా మించిపోలేదు. మామ రాత్రి మనింట్లోనే పడుకున్నాడు, ఇంకా బయల్దేరలేదు. ఒక్క మాట చెప్పు. ఒంట్లో బాగా లేదు, ఏం మాట్లాడానో తెలియలేదు అను. నేను పరిగెత్తుకెళ్ళి చెప్తాను. రోలు నేనే దించుతాను."

అన్న ఇల్లు చోంబా కళ్ళ ముందుకొచ్చింది. వదిన మొహం వచ్చింది. ఒక్క మాటే కదా. ఆరేళ్ళుగా నెల నెలా మోకాళ్ళ మీద అన్న మాటే. అబద్ధం కాకుండా ఉంటుందేమోనని ఆమె తన ఒంట్లో వెతుక్కుంది. కాళ్ళు చూసుకుంది. చెప్పుల్లో వదులుగా ఉన్నాయి. వేలికి ఉంగరం తిప్పి చూసింది. తిరిగింది. తల పట్టుకుని చూసింది. లోపల ఎవరూ దంచడం లేదు. చలిగాలి తప్ప ఏమీ వినబడలేదు.

"నాకు బాగానే ఉందండీ," అంది. "మాట్లాడింది నేనే."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది.

అలాంటి మాట అన్నాక బస్సు కదలాలి. కథల్లో అయితే దుమ్ము రేపుకుంటూ పోతుంది కూడా. కానీ లువింగు బస్సు సీట్లు నిండితే గానీ కదలదు. దేశాధ్యక్షుడు వచ్చి అడిగినా కదలదు. ఇంకా సగం ఖాళీ. కండక్టరు అరటిపండు తింటూ, "లువింగు, లువింగు," అని ఆవలిస్తున్నాడు. చోంబా కిటికీలో, కపాసా కిటికీ కింద. మధ్య చెయ్యెడు దూరం. ఒక ముసలాయన మేకతో వచ్చి బేరమాడి ఎక్కాడు. స్కూలు టీచరమ్మలు ఇద్దరు ఎక్కారు. ఎండ పైకొచ్చింది. కపాసా రెండుసార్లు నోరు తెరిచాడు. కిటికీ అంచు మీద పెట్టిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకోలేదు, చూపు కూడా తిప్పుకోలేదు. 'క్లినిక్కికి వస్తాను పద' అంటే చాలు. ఆ మాట అనడానికి కావలసినంత సేపు బస్సు అక్కడే ఉంది.

చివరి సీటు నిండింది. డ్రైవరు ఎక్కి తలుపు లాగేశాడు.